పుల్లవెన్న సీసా

అక్టోబరు 28, 1954. కర్నూలు

అత్తకు టైఫాయిడ్ జ్వరం దిగి ఇరవై రోజులైంది. జ్వరం పోయింది గానీ మనిషి లేవలేదు. దుప్పటి కప్పితే కింద మనిషి ఉన్నట్టే తెలియదు. డాక్టరుగారు వాకిట్లోకి పిలిచి మెల్లగా చెప్పారు. "పాలు, వెన్న, రోజుకో గుడ్డు. ఒంట్లోకి ఏదో ఒకటి పోకపోతే నేనేమీ చెప్పలేనమ్మా."

పాలు తాగిస్తే వాంతి. వెన్న వాసనే గిట్టడం లేదు. గుడ్డు మాట వినగానే మెడలోని లింగం గట్టిగా పట్టుకుంది. "లింగం కట్టుకున్న ఒళ్ళప్పా ఇది. పోతే పోనీ."

మా ఆయన తన తల్లి ముఖం చూస్తూ నిలబడ్డారు. నాకు భయంగా ఉంది.

అక్టోబరు 30

ఆయన ఒక గాజు సీసా తెచ్చారు. కర్నూలు రాజధాని అయి గుడారాల్లో ఆఫీసులు పెట్టిన నాటి నుంచి మద్రాసు సరుకంతా ఈ ఊళ్ళో దొరుకుతోంది. లోపల తెల్లగా, గట్టి మీగడలా... మయొనైజు అట. "వెన్న మాదిరే. పుల్లగుంటాది. అమ్మకు పెట్టు."

జొన్నరొట్టె తునకకు పూసి ఇచ్చాను. అత్త లింగాన్ని ఎడమ అరచేతిలో పెట్టుకుని, తునకను దానికి చూపి, కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంది. మా ఇంట్లో మంచినీళ్ళయినా ముందు లింగానికి చూపాల్సిందే.

నమిలింది. మింగింది. ఇంకో తునక అడిగింది!

అక్టోబరు 31

అర రొట్టె. దానికి పేరు కూడా పెట్టింది — పుల్లవెన్న.

నవంబరు 3

రొట్టె పూర్తిగా తిన్నది. గోడ పట్టుకుని వాకిలి దాకా నడిచింది. "నీ చెయ్యి మంచిదమ్మే." పెళ్ళయి ఏడేళ్ళు. ఈ మాట ఇదే మొదలు. వంటింట్లోకి పోయి ఏడ్చాను.

నవంబరు 5

డాక్టరుగారు ఆశ్చర్యపోయారు. ఏం పెడుతున్నావని ఒకటే అడగడం. సీసా సంగతి చెప్పాను. "అందులో ఏమేం కలిపారో చీటీ మీద ఉంటుంది. రాసుకుని రా."

నవంబరు 6

చీటీ మీద ఐదు వరసలు. నాది మూడో ఫారం దాకా చదివిన ఇంగ్లీషు. కూడబలుక్కుంటూ రాస్తున్నాను. మొదటిది ఆయిల్ — నూనె. రెండోది...

ఎగ్. పక్కన ఇంకో మాట, యోక్ అనుకుంటా, అది తెలియదు. ఎగ్ తెలుసు. ఒకటో వాచకంలో బొమ్మతో సహా ఉండేది. వేలు పెట్టి మళ్ళీ చదివాను. ఒక్కో అక్షరం విడివిడిగా చదివాను. మారలేదు.

చీటీ పట్టుకుని పొయ్యి పక్కనే కూర్చున్నాను. అవతలి గదిలో అత్త లింగపూజ చేసుకుంటోంది. గొంతులో కొత్తగా బలం వచ్చింది. ఆ బలం దేనిదో నాకిప్పుడు తెలుసు.

సాయంత్రం

ఆయన్ను అడిగాను. చెప్పులు విడుస్తున్నవారు తలెత్తలేదు. "పొద్దస్తమానం టైపు కొట్టేవాణ్ణి, చీటీ సదవలేనా?"

తెలిసే తెచ్చారు!

"అమ్మ బతకాల. నువ్వు నోరిప్పొద్దు."

నవంబరు 7

ఆయన కడప క్యాంపుకు వెళ్ళారు. పదిహేను రోజులకు పైనే. వెళుతూ ఇంకో సీసా తెచ్చి, నీళ్ళ కుండ పక్కన తడి ఇసుకలో దించి, చెడకుండా ఉంటుందన్నారు. ఎంత జాగ్రత్త! కోపం వస్తోంది. ఆ కోపం కింద మళ్ళీ భయమే.

నవంబరు 8

కార్తీక సోమవారం. నా మెడలోనూ లింగం ఉంది. నేను తినలేదు. కానీ పూసి ఇచ్చింది నేనే. తిన్న మనిషికి తెలియదు. తెచ్చిన మనిషి కడపలో ఉన్నారు. ఇక ఈ పాపానికి నేనే దొరికాను... స్నానం చేసి లింగాన్ని అరచేతిలో పెట్టుకున్నాను గానీ దాని వైపు చూడలేకపోయాను. తొందరగా మళ్ళీ మెడలో కట్టేసుకున్నాను.

నవంబరు 10

చీటీలోని మాటలు డాక్టరుగారికి చూపించాను. నవ్వేశారు. "నేను చెప్పిందే పెడుతున్నావు కదా! నూనె, గుడ్డులోని పచ్చసొన. ఇంకా దిగులెందుకు?"

అత్తకు తెలియదన్నాను. నవ్వు ఆగింది.

"చూడమ్మా, ఇందులో బలం ముప్పాతిక నూనెదే. అదంతా కొవ్వు. సొన కాస్తే ఉంటుంది, నూనె విరగకుండా పట్టి ఉంచడానికి. దాన్ని మందనుకో."

కాస్తే అట. కాస్తయినా గుడ్డు గుడ్డే కదా అని నోటి దాకా వచ్చింది.

నవంబరు 12

మొన్న డాక్టరుగారి దగ్గర నుంచి వస్తూ దారంతా ఆలోచించాను. బలం నూనెదే అయితే సొన లేకుండా నేనే చేయవచ్చు కదా! గట్టి పెరుగు మూటకట్టి, వేరుశనగ నూనె చుక్క చుక్కగా పోస్తూ కవ్వంతో చిలికాను. ఆవపిండి, నిమ్మరసం. భుజాలు పడిపోయాయి. చూడడానికి అచ్చం అదే.

అత్త నాలుక మీద పెట్టుకుని పక్కకు ఊసేసింది. "ఇది అది కాదే. ఏంటికి మార్చినావు?" రెండు పూటలా మంచినీళ్ళే.

నవంబరు 13

అత్త ముఖం మళ్ళీ లోపలికి పోయింది. నా వల్ల కాలేదు. ఇసుకలోంచి సీసా తీశాను. ఇన్నాళ్ళూ ఆయన మాట మీద పెట్టాను, నా అంతట నేను తీసి పెట్టడం ఇదే మొదలు...

నవంబరు 16

ఇవాళ అత్త వంటింటి దాకా తనే నడిచి వచ్చింది. పీట మీద కూర్చుని చల్లగా చెప్పింది. "ఆఖరి సోమవారానికి జంగమయ్యను బిచ్చానికి రమ్మని కబురు పెట్టినా. ఆదోని దిక్కు నుంచి వస్తాండాడు. రొట్టె, పుల్లవెన్న పెట్టాల. నన్ను బతికించింది ఆయప్ప నోట్లో కూడా పడాల."

అత్తకు లింగం కట్టిన గురువు ఆయన. ఆయన తింటే శివుడు తిన్నట్టే ఈ ఇంట్లో.

నవంబరు 18

జంగమయ్య సంగతి కడపకు జాబు రాసి రెండు రోజులైంది. జవాబు లేదు. చెప్పేద్దామా? నా పెళ్ళయిన కొత్తలో ఊళ్ళో ఒక పెళ్ళిలో, మాంసం వండిన గరిటెతో పప్పు కలిపారని తిన్న తర్వాత తెలిసింది. అత్త తొమ్మిది రోజులు పస్తు ఉంది. అప్పుడు రాయిలాంటి మనిషి. ఇప్పుడున్న ఒంటికి మూడు రోజులు చాలు.

చెబితే అత్త దక్కదు. చెప్పకపోతే జంగమయ్య విస్తట్లో గుడ్డు.

నవంబరు 19

సీసాను చెయ్యి జారినట్టు పగలగొట్టేద్దామని ఇసుకలోంచి తీశాను. వెనక అత్త. "పైలం అమ్మే, నా పానమంతా దాంట్లోనే ఉండాది" అని నవ్వింది. మళ్ళీ ఇసుకలో పెట్టాను.

నవంబరు 21, ఆదివారం

మధ్యాహ్నం అత్త నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఒళ్ళో సీసా.

"జంగమయ్య అడుగుతాడు ఏమేమి కలిపినారని. ఈ చీటీ సదివి చెప్పు. మనసులో పెట్టుకుంటా."

నూనె అన్నాను. తర్వాత పులుపునీళ్ళు. ఆవాలు. ఉప్పు.

"అంతేనా?"

"అంతే అత్తా."

అత్త చీటీ మీద వేలు పెట్టింది. గోరుతో ఒక్కో వరసా గీస్తూ కిందికి వచ్చింది. మళ్ళీ పై నుంచి గీసింది. "నాకు అచ్చరాలు రావు. లెక్క వస్తాది. ఈడ ఐదుండాయి. నువ్వు నాలుగే సదివితివి."

తల ఎత్తలేకపోయాను. అత్త నా గడ్డం పట్టి ముఖం తన వైపు తిప్పుకుంది. కోపం ఉంటే బాగుండేది. కోపం లేదు.

"పో. పొయ్యి సూసుకో" అంది.

సీసా ఇవ్వలేదు. సాయంత్రం రొట్టె ముట్టలేదు. రేపు సోమవారం కదా, ఒంటిపూట అంది. ఈరోజు ఆదివారం కదా అనే ధైర్యం నాకు లేదు.

నవంబరు 22, సోమవారం

పొద్దున పూజగది తుడవబోయాను. పీట మీద సీసా ఉంది. చీటీ లేదు.

నీళ్ళతో నానబెట్టి ఒలిచేసింది. గాజు మీద బంక మరకలు, అత్త గోళ్ళలో తెల్లటి కాగితం పొట్టు. తలస్నానం చేసి, విభూతి పెట్టుకుని, లింగాన్ని అరచేతిలో ఉంచుకుని కూర్చుంది. నేనే అడిగాను, జంగమయ్యకు ఏం వడ్డించాలని.

"ఆయప్పకు నెయ్యి."

మరి నీకు? అని అడగలేకపోయాను.

చీటీ కోసం వెతికాను. చెత్తబుట్టలో లేదు. పొయ్యిలో బూడిదే. అత్త తన కొంగు చివర ఏదో ముడి వేసుకుంది. విభూతి పొట్లమో, ఆ చీటీయో. జంగమయ్య కాశీకి పోయి వచ్చిన మనిషి. ఇంగ్లీషు అక్షరాలు వచ్చునో రావో...

వాకిట్లో గంట మోగింది. జంగమయ్య వచ్చేశారు. కాళ్ళకు నీళ్ళు ఇచ్చి వచ్చాను. అత్త లోపలి నుంచి పిలుస్తోంది, గొంతు గట్టిగానే ఉంది. "ఏమ్మే, రొట్టెలు తే. నువ్వు కూడా వచ్చి కూర్చో."

తలుపు సందులోంచి కనిపిస్తోంది, కొంగు ముడి విప్పుతోంది.