తప్పు స్టీరింగు పట్టినవాడిది

నా ప్రాణానికి తియ్యటి గండమైన వదినకి,

నీ ఆడపడుచు రవ్వ రాస్తోంది. ఫోను చేసి చావొచ్చుగా అంటావని తెలుసు. ఫోనులో నీతో మాట్లాడితే మాటలన్నీ నీవి, ఊఁ కొట్టడం నా వంతు. కాగితం మీదైతే నువ్వు అడ్డు రాలేవు.

ముందు నా నేరం ఒప్పుకుంటాను. అన్నయ్య పోయిన ఏడాదికి నువ్వు ఇల్లు ఖాళీ చేసి మీ చెల్లెలి దగ్గరికి వెళ్తూ, పెరట్లో తుప్పు పట్టి పడున్న ఆ గదిలాంటి ట్రెయిలర్‌ని చూపించి, "దీన్ని నా కళ్ళెదుట లేకుండా తీసుకుపో, కోసి తుక్కులో పడెయ్" అన్నావు. తీసుకొచ్చాను. కోయలేదు. ఐదు నెలలుగా అది నా వెల్డింగు షెడ్డులో నాలుగు దిమ్మల మీద దర్జాగా కూర్చునుంది. తిట్టాలనుకుంటే ఇక్కడ ఆగి తిట్టుకుని, తర్వాత మిగతాది చదువు.

వదినా, దాని లోపల నువ్వు చూసుంటే ఏడ్చేదానివి. పైకప్పు అంచుల్లోంచి వాన దిగి, గోడల ప్లైవుడ్ నానిన అట్టలా చేతికి ఊడొచ్చింది. నేల మీద ఓ మూల కాలు పెడితే మోకాలి దాకా దిగిపోయింది. అన్నీ పీకేశాను. ఇనప చట్రం మాత్రం మిగిలింది. దాని మీద కొత్త గోడలు, కొత్త నేల, కప్పుకి రేకు, అతుకుల్లో నీరు పట్టకుండా లప్పం. అది సరే, అసలు సంగతి కింద ఉంది. ఇరుసు ఇదివరకు కుదుపులాపే కమాను కట్టల పైన ఉండేది. దాన్ని కట్టల కిందికి మార్చాను. అంతే, ట్రెయిలర్ జానెడు పైకి లేచింది! పెద్ద చక్రాలు వేశాను. వెనక అడుగు భాగాన్ని ఏటవాలుగా కోసేశాను, గోతిలోంచి ఎక్కేటప్పుడు నేలకి రాసుకోకుండా. ఇక రాళ్ళదారి దాని పొట్టని ముట్టుకోలేదు. ఇంత ఎత్తు నేనెలా ఎక్కుతానే అని నువ్వు మొదలుపెట్టకముందే చెప్తున్నా, మడత మెట్టు కూడా చేశాను.

మధ్యాహ్నాలు పని ఆపి లోపల ఉత్త చెక్క మీద పడుకుంటాను. షెడ్డు పక్కన నీళ్ళ తొట్టి ఉంది కదా, దాని మీద పడ్డ ఎండ కిటికీలోంచి వచ్చి కప్పు మీద అల్లల్లాడుతుంది. కళ్ళు సగం మూస్తే ట్రెయిలర్ కదులుతున్నట్టే ఉంటుంది. ఎక్కడికో మెల్లగా, చప్పుడు లేకుండా పోతున్నట్టు. అన్నయ్య చెప్పిన నీటి మైదానం అప్పుడు కనబడుతుంది. వానలు వెలిశాక కొన్నాళ్ళు చీలమండ లోతు నీళ్ళు, కనుచూపు మేర చదును, ఆకాశమంతా నేల మీదే పడి ఉంటుందట. అడుగు వేస్తే మబ్బు కదులుతుందట. కుర్రతనంలో లారీ తోలేటప్పుడు ఒక్కసారి చూశాడు. నీకు చూపిస్తానని పెళ్ళయిన నాటినుంచి అంటూనే ఉన్నాడు. ఏడేళ్ళ కింద మీరిద్దరూ ఈ ట్రెయిలర్‌ని జీపుకి తగిలించుకుని బయల్దేరి, రాళ్ళదారి మొదటి మలుపులోనే గోతిలో పడి, నీ ఎడమ మోచెయ్యి విరిగి ఇంటికొచ్చారు. అక్కడితో ఆ మాట ఆగిపోయింది.

ఈసారి మనిద్దరం వెళ్దాం. కాదనకు. కొలతల కాగితం ఇందులో పెడుతున్నాను. నాలుగు కర్టెన్లు, రెండు పరుపు గలీబులు కుట్టు. రంగు నీ ఇష్టం.

నీ రవ్వ


వదినా,

కర్టెన్లు అందాయి. "వస్తానని చెప్పలేదు, కుడతానని మాత్రమే చెప్తున్నా" అని చీటీ పెట్టావు చూడు, దాన్ని చదివి షెడ్డులో ఒక్కదాన్నే గెంతాను. ఆ లేత నీలం ఎక్కడ దొరికింది నీకు? తగిలించి లోపల కూర్చుంటే మధ్యాహ్నమంతా నీటి అడుగున గడిపినట్టుంది. వంగని మోచేత్తో ఇంత సన్నగా ఎలా కుట్టావో నాకు అర్థం కాలేదు. చాలాసేపు ఆ కుట్టు మీద వేలు పెట్టి కూర్చున్నాను.

అందుకే ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోతున్నాను. వారం రోజులుగా రాసి చింపుతున్నాను. ఇది ఎనిమిదో కాగితం.

పోయిన బుధవారం చివరి పని మొదలుపెట్టాను. ట్రెయిలర్ ముందు భాగంలో జీపుకి తగిలించే కడ్డీ ఉంటుంది కదా, దాని పాత రంగు గీకుతున్నాను. ఆ కడ్డీని చట్రానికి అతికింది నేనే. మీ ప్రయాణానికి రెండు రోజుల ముందు అన్నయ్య తెచ్చి, "రవ్వా, కాస్త గట్టిగా అతికి పెట్టవే, రాళ్ళదారి" అన్నాడు. ఆరోజు నాకు బయట వేరే పని, గేటు బిగించడానికి మనుషులు కాచుకుని ఉన్నారు. ఒక పొర వేశాను. సాయంత్రం వచ్చి రెండో పొర వేద్దామనుకున్నాను. మర్చిపోయాను. మర్నాడు గుర్తొచ్చింది. ఒక్క పొర చాలులే అనుకున్నాను. ఈ మాట ఇన్నేళ్ళలో నేను ఎవరితోనూ అనలేదు, నాతో నేను కూడా.

రంగు పోయాక చూస్తే ఆ అతుకు మీద పగులు. ఒక చివరినుంచి ఇంకో చివరికి, గోరు పట్టేంత. వదినా, నీ చెయ్యి విరగ్గొట్టింది నేను.

ప్రమాదం అయ్యాక అందరూ చుట్టూ చేరి ఏమైంది ఏమైంది అని అడిగినప్పుడు అన్నయ్య ఒకటే అన్నాడు. "తప్పు స్టీరింగు పట్టినవాడిది." అంతకంటే ఒక్క ముక్క చెప్పలేదు. ఊరంతా మలుపులో వేగంగా తిప్పాడనుకున్నారు. సగం ఊరికి డ్రైవింగు నేర్పిన మనిషిని "స్పీడు మాస్టారు" అన్నారు. నేర్చుకునేవాళ్ళు తగ్గిపోయారు. నా షెడ్డు ముందు టీ తాగుతూ ఆ పేరు పెట్టి నవ్వుకుంటుంటే నేను మొహం మీద మాస్కు దించుకుని పని చేసుకున్నాను. అతుకు సంగతి అన్నయ్య చూడకుండా ఉంటాడా? చూసే ఉంటాడు. చెల్లెలి పేరు చెడుతుందని తన మీద వేసుకున్నాడు. నేను వేసుకోనిచ్చాను. పోయేముందు ఆసుపత్రిలో పక్కన కూర్చున్న పదకొండు రోజుల్లో ఒక్కరోజైనా నోరు విప్పాల్సింది. పళ్ళ రసం తాగుతావా అని అడిగాను గానీ, ఇది అడగలేదు.

ఆ బుధవారం నుంచి నేను వెల్డింగు రాడ్డు పట్టుకోలేదు. చేతులు వణుకుతున్నాయి. వచ్చిన పనులు తిప్పి పంపేస్తున్నాను. నేను అతికిన ఇనుముని వెనక తగిలించి, నిన్ను కూర్చోబెట్టుకుని రాళ్ళదారి పట్టే ధైర్యం నాకు లేదు. ట్రెయిలర్‌ని కోసెయ్యమంటావా, ఈసారి నిజంగానే కోసేస్తాను. నా మొహం చూడనంటే అదీ సరే. నీ ఇష్టం, నువ్వే చెప్పు.

రవ్వ


ఒసేయ్ పిచ్చిమొద్దూ,

నీ ఉత్తరం చదివి ఒళ్ళు మండి పక్కన పడేశాను. కూరగాయలు తరుగుతూ ఉంటే, ఇన్నేళ్ళూ ఇది లోపల పెట్టుకుని నా ఇంట్లో ఎలా అన్నం తిన్నదే ఈ పిల్ల అనిపించి, కత్తి వదిలేసి ఏడ్చాను. మా చెల్లెలు కంగారుపడి ఉల్లిపాయలా అంది. ఇంకా ఉల్లిపాయలు తియ్యనే లేదు.

ఇక నేను చెప్పేది విను, అడ్డు రాకు. అడ్డు రాలేవుగా, నువ్వే అన్నావు.

ట్రెయిలర్ జీపుకి తగిలించాక కొక్కెం మీద గొళ్ళెం వేసి, దానికి ఇంత పిన్ను గుచ్చాలి. అది లేకపోతే కుదుపులకి గొళ్ళెం లేచిపోతుంది. ఆ పిన్ను పెట్టే పని నాది. ఆరోజు పిన్ను చేతిలో పట్టుకుని ఉండగా వంటింటి కిటికీ వేశానా లేదా అని అనుమానమొచ్చి లోపలికి పరిగెత్తాను. తిరిగొచ్చి జీపు ఎక్కి కూర్చున్నాను. మీ అన్నయ్య "పిన్ను పెట్టావా?" అన్నారు. "ఆఁ" అన్నాను. నీకు తెలుసుగా, నేను దేనికైనా ముందు ఆఁ అనేసి తర్వాత ఆలోచిస్తాను. కిటికీ గురించి అడిగారనుకున్నానో, అసలు ఏమీ అనుకోలేదో, ఇప్పటికీ తెలీదు. కట్టు కట్టించుకుని ఇంటికొచ్చి తాళం కోసం పర్సులో చెయ్యి పెడితే పిన్ను తగిలింది.

ట్రెయిలర్ ఊడింది అందుకు. ఊడుతూ జీపుని గోతిలోకి ఈడ్చింది, దాని మూతి వెళ్ళి బండకి గుద్దుకుంది. అంత గుద్దుకుంటే నీ అతుకు పగలదా? రెండు పొరలున్నా పగిలేదేమో. నాకు వెల్డింగు తెలీదు, నీ అతుకు మంచిదని సర్టిఫికెట్ ఇవ్వను. కానీ నా చెయ్యి విరగ్గొట్టింది నువ్వు కాదు.

మీ అన్నయ్య "తప్పు స్టీరింగు పట్టినవాడిది" అన్నప్పుడు నేనేమనుకున్నానో చెప్పనా? పిన్ను లేక ఖాళీగా ఉన్న చిల్లు చూసే ఉంటారు, పెళ్ళాం పరువు పోతుందని తన మీద వేసుకున్నారు అనుకున్నాను. అచ్చం నీలాగే! బయటికి వెళ్తే స్పీడు మాస్టారి భార్య అనేవారు. సిగ్గుతో చచ్చేదాన్ని, అయినా నోరు మెదపలేదు. ట్రెయిలర్‌ని కోసెయ్యమన్నది తుప్పు పట్టిందని కాదే, దాన్ని చూస్తే ఆ పిన్ను గుర్తొచ్చి.

నీ ఉత్తరం చదివాక ఇక ఉండబట్టలేదు. నిన్న బస్సెక్కి మన ఊరు వచ్చాను. నీ దగ్గరికి రాలేదు, అలగకు. తిన్నగా ఆయన డ్రైవింగు స్కూలుకి వెళ్ళాను. ఇప్పుడు దాన్ని నడుపుతున్నది ఆయన దగ్గర ఆఖర్న నేర్చుకున్న అమ్మాయి. అదే కుర్చీ, అదే బోర్డు, గోడ మీద అవే మలుపుల బొమ్మలు. బల్లల మీద కొత్తగా నేర్చుకునేవాళ్ళు నలుగురు కూర్చున్నారు. అందరూ వినేలా గట్టిగా చెప్పాను. "మాస్టారు వేగంగా తిప్పలేదు. పిన్ను పెట్టనిది నేను" అన్నాను.

ఆ అమ్మాయి నాకు కుర్చీ వేసి, "ఆ పిన్ను సంగతి మాకు తెలుసమ్మా" అంది.

"తెలుసా? ఎవరు చెప్పారు?"

"మాస్టారే. మాకు మొదటిరోజు పాఠం అదే కదండీ. 'నేను సీట్లో కూర్చుని పెట్టావా అని అరిచాను. ఆఁ అని వినబడింది. బయల్దేరిపోయాను. దిగి చూడటానికి నాకు బద్ధకం. చేసింది ఎవరైనా, చూడాల్సింది మనం. తప్పు స్టీరింగు పట్టినవాడిది' అనేవారు. ఆ ఆఁ అన్నది మీరా! నేను ఇన్నాళ్ళూ ఎవరో క్లీనరనుకున్నానమ్మా" అంది.

నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను, రవ్వా. నవ్వుతూనే అక్కడ ఏడ్చాను, ఎవరేమనుకున్నా సరేనని.

మనకోసం ఆయన అబద్ధమాడారని నువ్వో మూల, నేనో మూల దాక్కున్నాం. అది అబద్ధం కాదే. ఆయన మనసులో కూడా అదే ఉంది. నా చెయ్యి విరిగింది తనవల్లేనని నమ్మారు. అందుకే కాబోలు, నేను కుట్టుమిషను ముందు కూర్చుంటే పక్కన నిలబడి మోచేతి వంక చూసేవారు. నాకేమో, పిన్ను ఏమైందని అడగబోతున్నారేమోనని భయం. ఐదేళ్ళు ముగ్గురం ఒకే బల్ల దగ్గర తిన్నాం. కూరలో ఉప్పు గురించి అంతంత మాట్లాడుకున్నాం. నాది తప్పు అని ఒక్కరమూ అనలేదు. ఆయన బతికుంటే ఇవాళ ఆయనతో పెద్ద గొడవ పెట్టుకునేదాన్ని.

నేను ఆదివారం పొద్దున్న బస్సుకి వస్తున్నాను. గలీబులు కూడా పూర్తయ్యాయి. నేను వచ్చేదాకా ఆ అతుకు ముట్టుకోకు. నా ఎదుట కోసి, నా ఎదుటే కొత్తది వెయ్యి. చేతులు వణికితే వణకనీ, ఆగిపోయేదాకా కుర్చీ వేసుకుని కూర్చుంటాను. వానలు వెలిసి పదిరోజులైంది. నీళ్ళు ఇంకా ఉంటాయి.

జీపు నువ్వు నడుపు. పిన్ను నేనే పెడతాను. పెట్టావా అని మాత్రం అడక్కు. దిగొచ్చి చూడు.

నీ వదిన