నేను బతికించినవాళ్ళు

బుజ్జమ్మకి,

ఆ రోజు ఉదయం మీ అక్క రెండు చెంచాల పాలు తాగింది. పదకొండింటికి నీ ఫోను వచ్చింది. సాయంత్రం నాలుగింటికి తను పోయింది.

ఆ ఫోన్లోనే పడవవాడి సినిమా గురించి మీరిద్దరూ పోట్లాడుకున్నారు. "వాడు ఒడ్డుకు చేరడమేంటే, మునిగిపోతాడుగా! మతి పోయిందా నీకు?" అన్నావు. అదే ఆఖరి మాటైందని నువ్వు కుమిలిపోతున్నావని మీ ఆయన రాశాడు.

తన మతి పోలేదు. చూపు పోయాక సినిమాలు నేనే చూసివచ్చి చెప్పేవాణ్ణి. అందులో ఎవరైనా చనిపోతే, బతికించి చెప్పేవాణ్ణి. తను ఆ కథనే నమ్మి నీకు బాగుందనో, బోరు కొట్టిందనో చెప్పేది.

నువ్వు ఫోను పెట్టేశాక నా చెయ్యి వెతికి పట్టుకుంది. "ఏమండీ, ఇప్పటిదాకా ఎంతమందిని బతికించారేంటి?" అంది నవ్వుతూ. తన వేళ్ళ మీదే లెక్కపెట్టడం మొదలుపెట్టాను. "సర్లెండి, దాని దగ్గర మాత్రం ఒప్పుకోకండి. గెలిచానని ఎగిరి గంతేస్తుంది" అంది.

ఆ ఒక్క మాటా తప్పుతున్నాను. నువ్వే గెలిచావు, బుజ్జమ్మా.

మా వీధి చివరి హాల్లో కొత్త సినిమా వచ్చింది. రేపు మార్నింగ్ షోకి వెళతాను. చూసింది చూసినట్టు నీకు రాస్తాను.

మీ బావ