మూడు వేళ్ళకు సరిపోయే రీలు

మే 9, సోమవారం

ఈ రోజు క్లెమ్ చేతికట్టు పూర్తిగా విప్పేశారు. జనవరిలో వడ్రంగి షెడ్డులో రంపం మిషన్ తీసుకుపోయినవి కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు. మిగిలిన మూడూ బాగా ఆడుతున్నాయని నర్సు మెచ్చుకుంది. క్లెమ్ ఆ చేతిని ఎవరో మర్చిపోయి వెళ్ళిన వస్తువును చూసినట్టు చూసి, కోటు జేబులో పెట్టుకున్నాడు.

తిరిగి వస్తూ బస్సు వంతెన దాటుతుంటే సెవెర్న్ నది నిండుగా, మట్టిరంగులో, ఏదో ఆలోచనలో ఉన్నట్టు పోతోంది. ఎప్పుడూ కిటికీ పక్కన కూర్చునే మనిషి ఇవాళ నన్ను కూర్చోమన్నాడు.

చేపల సీజన్ జూన్ పదహారున తెరుస్తారు. పెళ్ళయిన ఈ ఇరవై ఆరేళ్ళలో ఆ రోజు తెల్లవారేసరికి క్లెమ్ మంచం మీద ఉండటం నేనెరగను. ఈసారి ఏటికి వెళ్ళేది లేదని ఇంటికొచ్చాక చెప్పాడు. గాలం రాడ్లు ఎవరికైనా ఇచ్చేయమన్నాడు. సరేనన్నాను. ఇవ్వను.

మే 12

కలలో ఏరు మా వంటింట్లోంచి పోతోంది. మోకాలి లోతు. ఎవరికీ కంగారు లేదు. క్లెమ్ కుర్చీలో కూర్చుని, నీటి మీద తేలే బెండు వంక చూస్తున్నాడు. అతని చేతులు చూడాలని వంగాను. చేతులు నీళ్ళలో ఉన్నాయి, నీళ్ళు తేరుకోలేదు.

మే 14, శనివారం

పోస్టాఫీసు కౌంటర్ మూసి తిన్నగా జూక్స్ గాలాల కొట్టుకు వెళ్ళాను. క్లెమ్ కోసం ఎన్నోసార్లు బయట నిలబడ్డాను గానీ లోపలికి ఎప్పుడూ పోలేదు. ఎర పురుగుల డబ్బాల వాసన, చెక్కపొట్టు వాసన. జూక్స్ పొడుగ్గా, కొంచెం వంగి ఉంటాడు. ప్రతి మాటనూ బరువు చూసి వదులుతాడు.

ఏ చేప కోసమని అడిగాడు. బార్బెల్, చబ్, బ్రీమ్, ఏది పడితే అది అన్నాను. ట్రౌట్, సాల్మన్ భూములున్న దొరలవనీ, మిగతా చేపలన్నీ మనవనీ క్లెమ్ అంటుంటాడు. తర్వాత చేతి సంగతి చెప్పాను. జూక్స్ అరల వంక తిరిగాడు.

గాలం దారం చుట్టుకునే రీలు, అందరూ వాడే మామూలు రకానికైతే విసిరేటప్పుడు దారాన్ని చూపుడువేలితో ఆపి, సమయం చూసి వదలాలట. అది కుదరదు. ఇంకోటి చూపించాడు. ముందు గుండ్రటి మూత, దారమంతా లోపలే, ఒక్క బటన్. నొక్కితే చాలు, సులువు అన్నాడు. పెద్ద బార్బెల్ పడితే అది తట్టుకోదేమోనని కూడా ఏదో అన్నాడు. నేను సులువు అన్న మాట దగ్గరే ఆగిపోయాను. కొనేశాను.

మే 15

క్లెమ్ రీలు మీది కాగితం విప్పాడు. చూశాడు. మళ్ళీ అవే మడతల్లో చుట్టేశాడు.

మే 15, సాయంత్రం

అంతే జరిగిందని రాశాను. అంతే కాదు. చుట్టేశాక ఒక మాటన్నాడు.

"రేపట్నుంచి ముద్దలు కూడా కలిపి పెడతావా, హెస్టర్?"

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది. నెలల తరబడి అతని మాంసాన్ని వంటింట్లోనే చిన్న ముక్కలుగా కోసి, కోయనట్టు పైన గ్రేవీ పోసి తెస్తున్నాను. తెలియదనుకున్నాను.

మే 24

వాన. రీలు ఇంకా కాగితంలోనే ఉంది.

జూన్ 4, శనివారం

ఆ రీలు తీసుకుని మళ్ళీ జూక్స్ దగ్గరకు వెళ్ళాను. ఏమీ అడక్కుండా వెనక్కి తీసుకున్నాడు. అప్పుడు నేను కుడిచెయ్యి చాపి, బొటనవేలూ చూపుడువేలూ అరచేతికి ఆనించి టేపు చుట్టమన్నాను. ఆ ఆలోచన అంతకుముందు నాకు లేదు. కౌంటర్ ముందు నిలబడ్డాకే వచ్చింది. ఆయన నా ముఖంలోకి చూశాడు. తర్వాత రాడ్లకు వేసే నల్లటి టేపు తెచ్చి, మూడు చుట్లు చుట్టాడు.

మామూలు రీలు పట్టుకుంటే దారం నా చెప్పుల మీద కుప్పగా పడింది. మూత రీలు పని చేసింది. కానీ దానితో వేస్తుంటే ఎవరింటి గంటో నొక్కి, వాళ్ళు తలుపు తీసేదాకా బయట నిలబడ్డట్టుంది. చేప అవతల, నేను ఇవతల.

జూక్స్ కింది సొరుగులోంచి ఇంకోటి తీశాడు. సెంటర్‌పిన్ అంటారట. ఒక ఇరుసు, దాని మీద ఒక చక్రం. ఇంకేమీ లేదు. రాడ్ ఎడమచేతికి మార్చి, రీలును తిప్పి బిగించాడు. ఎడమ బొటనవేలు చక్రం అంచు మీద ఆనిస్తే అదే బ్రేకు. దారం వెనక్కి చుట్టాలంటే కుడిచేతి వేళ్ళతో అంచును తట్టాలి. దానికి మూడు వేళ్ళు చాలు. దారం కొసను పట్టుకుని జూక్స్ కొట్టు చివరిదాకా నడిచాడు. బొటనవేలి కింద ఆయన ప్రతి అడుగూ నాకు తెలిసింది. కళ్ళు మూసుకున్నాను. ఆయన ఆగాడు, అదీ తెలిసింది.

ఇది సులువేనా అని అడిగాను.

"సులువు కాదమ్మా. చేతికి రావడానికి ఒక సీజనంతా పడుతుంది. మొదట్లో తిట్టుకుంటాడు కూడా."

అందుకే కొన్నాను.

జూన్ 5, ఆదివారం

టేపు విప్పలేదు. ఎడమచేత్తో రాస్తున్నా. ఆరు బంగాళాదుంపల తొక్క తీయడానికి నలభై నిమిషాలు.

జూన్ 6, సోమవారం

దొరికిపోయాను. పనికి వెళ్ళేందుకు మెట్ల దగ్గర నిలబడి చొక్కా మెడ గుండీతో కుస్తీ పడుతుంటే క్లెమ్ దిగి వచ్చాడు. టేపు చూశాడు. ముఖం పాలిపోయింది.

"నా వేషం కడుతున్నావా?"

కాదన్నాను. రీలు నేర్చుకుంటున్నానన్నాను.

"నీకెందుకు రీలు?"

"పదహారున నేను ఏటికి వెళ్తున్నా."

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు.  క్లెమ్ బయటికి వెళ్ళిపోతాడనుకున్నాను. తలుపు దాకా వెళ్ళాడు కూడా. అక్కణ్ణుంచి వెనక్కి వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. జేబులోంచి చెయ్యి తీశాడు.

"గుండీ అలా కాదు. నడిమి వేలికీ ఉంగరం వేలికీ మధ్య ఇరికించు. చిటికెన వేలి కణుపుతో తోయి. తొందరపడకు."

రెండోసారికి పట్టింది. అన్ని వారాలు పొద్దున్నే స్నానాల గదిలో గడియ వేసుకుని అంతసేపు ఏం చేస్తున్నాడో అప్పుడు అర్థమైంది. ఒక్కడే, ఒక్కో గుండీ. నేను బయట నిలబడి జాలిపడుతూ, అతను లోపల నేర్చుకుంటూ.

బస్సు తప్పిపోయింది. పోస్టాఫీసులో టేపు విప్పేశాను. స్టాంపులు కూడా ఇవ్వాలి కదా.

జూన్ 11

పెరట్లో ప్రాక్టీసు. దారం చిక్కుడు తీగలకు చుట్టుకుంది. ఒకసారి కాదు, నాలుగుసార్లు. పక్కింటి ఐవీ ట్రాంటర్ కంచె మీద మోచేతులాన్చి, క్యాబేజీలు ఎరకు పడుతున్నాయా అని అడిగింది. మేడ మీద కిటికీలోంచి దగ్గు వినిపించింది. దగ్గు కాదది.

జూన్ 15

ఎరకు రొట్టె, టిన్ను మాంసం. లైసెన్సు, రాడ్, రీలు. అన్నీ తలుపు దగ్గర పెట్టాను. అతను వాటిని దాటుకుని మేడ మీదికి వెళ్ళాడు. వస్తావా అని నేను అడగలేదు.

జూన్ 16, ఉదయం 4.20

నిద్రపోతున్నాడు. లేక నిద్ర నటిస్తున్నాడు. వెళ్తున్నా.

జూన్ 16, సాయంత్రం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. పొగమంచు. రైలు వంతెన కింద ఒంపు దాకా నడిచేసరికి గట్టు ఎక్కడ అయిపోయిందో, నీరు ఎక్కడ మొదలైందో కనపడలేదు. ఆవులు కాళ్ళు లేకుండా తేలుతున్నాయి. మొదటి గాలం విల్లో చెట్టుకు ఇచ్చాను. రెండోది కూడా. మూడోది నీళ్ళలో పడింది.

పడ్డాక ఇక నేను చేయాల్సిందేమీ లేకపోయింది. ఏరే బెండును తీసుకుపోతోంది, దానికి కావలసినంత దారం అదే అడిగి తీసుకుంటోంది. నా బొటనవేలి కింద చక్రం మెల్లగా, నిద్రలో పక్కకు తిరిగే మనిషిలా తిరుగుతోంది. ఎంతసేపు అలా ఉన్నానో. ఇరవై ఆరేళ్ళుగా క్లెమ్ ఇంటికి ఆలస్యంగా వచ్చి ఎందుకు సమాధానం చెప్పలేకపోయేవాడో అర్థమైంది. చెప్పడానికి ఏమీ జరగదు.

"నొక్కకు. ఊరికే ఆనించు."

నా వెనక నిలబడ్డాడు. ఎప్పుడొచ్చాడో వినలేదు. ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసింది. నేను తల తిప్పలేదు. తిప్పితే వెళ్ళిపోతాడేమోననిపించింది.

ఏడు దాటాక బెండు మునిగింది. చక్రం నా వేలిని కాల్చుతూ పరుగెత్తింది. తీసుకో అన్నాను. అతను కదల్లేదు. చేతకాదు క్లెమ్, నాకు నిజంగా చేతకాదు అన్నాను. అది జాలితో అన్న మాట కాదు, నిజం. అప్పుడు తీసుకున్నాడు. రాడ్ ఎడమచేతిలోకి, బొటనవేలు అంచు మీదికి. మొదట్లో తడబడ్డాడు, తిట్టుకున్నాడు, రెండుసార్లు దారం వదులైంది. చేప అడుగుకు దిగి, రాయిలా కూర్చుంది. ఆగాడు. అది కదిలినప్పుడు తనూ కదిలాడు. దారం వదులు దొరికినప్పుడల్లా ఆ మూడు వేళ్ళతో చక్రాన్ని తట్టాడు. టప్, టప్, టప్. నీళ్ళ మీద ఆ చప్పుడు అవతలి గట్టు దాకా పోయి వచ్చింది.

వల నేను పట్టాను. బార్బెల్. పాత ఇత్తడి రంగు, నాలుగు మీసాలు, మాతో మాట్లాడటం ఇష్టం లేని ముఖం. అలసిపోయింది. క్లెమ్ నీళ్ళలోకి దిగి, దాని తల ప్రవాహానికి ఎదురుగా పెట్టి, కుడిచెయ్యి పొట్ట కింద ఉంచి నిలబడ్డాడు. పది నిమిషాలో, పావుగంటో. ఆ చేతిని నేను అంతసేపు, అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. నీళ్ళు తేటగా ఉన్నాయి. చేప ఊపిరి తీసుకున్నప్పుడల్లా మూడు వేళ్ళూ కొద్దిగా తెరుచుకుని మూసుకున్నాయి.

తర్వాత అక్కడ చేప లేదు. చెయ్యి ఉంది.

జూన్ 17

ఐదింటికే వెళ్ళిపోయాడు. రీలూ లేదు. నన్ను అడగనైనా అడగలేదు.

జూన్ 18, మధ్యాహ్నం

జూక్స్ దగ్గర నాకోసం ఇంకోటి కొన్నాను. ఎడమచేతిలో పట్టుకుని ఒక్కసారి తిప్పి, కుడిచేత్తో ఈ వాక్యం మొదలుపెట్టాను. వాక్యం అయిపోయింది. అది ఇంకా తిరుగుతోంది.