అక్క ఇంటి పొడి గచ్చు

అక్కా,

వరద తీసింది. వంటింట్లో బురద ఎత్తిపోస్తూ మధ్యలో కూర్చుని రాస్తున్నాను. మీ గడప కూడా తడవలేదని అమ్మ ఫోన్లో సంబరంగా చెప్పింది. ఎందుకు తడుస్తుంది? ఏరు పొంగితే నీళ్లు నిలిచే చిత్తడి నేలంతా మట్టితో పూడ్చి బావ ఇళ్లు కట్టించాడు. వానలు చూస్తే ఏటేటా ముదురుతున్నాయి. నిలవడానికి చోటు లేక ఆ నీళ్లన్నీ మా ఇంటికొచ్చాయి.

నా కుళ్లు నీకు తెలుసుగా. చిన్నప్పుడు నీ జడ చూసి ఏడ్చేదాన్ని, ఇప్పుడు నీ పొడి గచ్చు చూసి ఏడుస్తున్నాను. “పెద్దమ్మ వాళ్లింట్లోనే ఉండిపోదామే” అంటోంది నా చిన్నది.

మళ్లీ మబ్బు పట్టింది. పిల్లల్ని పంపుతున్నాను, ఉంచుకో. నన్ను మాత్రం రమ్మనకు. మీ మేడ కిటికీలోంచి మా ఇల్లు మునగడం చూస్తూ నీ చేతి అన్నం తినలేను.

నీ చెల్లి