నాన్నగారు ఈడ్చిన కాలు

పూజ్యుడైన అన్నయ్యకి తమ్ముడు చేతులు జోడించి రాసుకునేది. నేనిక్కడ ఒంట్లో బాగానే ఉండి పని చేసుకుంటున్నాను. నువ్వూ, వదినగారూ, పిల్లలూ కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను. ఈసారి వానలకి కొల్లేటి నీళ్ళు దెందులూరు పొలాల దాకా వచ్చాయా? భీమడోలులో మన పెరటిగోడ నిలబడిందా? ఇవన్నీ ఫోన్లోనే అడగొచ్చు. కానీ అసలు సంగతి ఫోన్లో చెబితే నవ్వేసి పెట్టేస్తావు. అందుకే కాగితం.

రోము నగరానికి దగ్గర్లో సినిమా సెట్లో పని అని చెప్పాను కదా. రెండు వేల ఏళ్ళ కిందటి కథ. నేను బొమ్మలు పోతపోసే షెడ్డులో ఉన్నాను. ఎండ మన రోహిణి కార్తె ఎండే. తిండికి లోటు లేదు, కారానికే కరువు. ఇక్కడ ప్రతిదీ ఆ కాలంలో ఎలా ఉండేదో అలాగే ఉండాలని చూసే పెద్దావిడ ఒకరున్నారు, చరిత్ర పాఠాలు చెప్పినావిడ. ఇదివరకటి సినిమాల్లో రాతిబొమ్మల్ని తెల్లగా చూపించడం అబద్ధమని, వాటికి రంగులుండేవని, మాచేత అన్నిటికీ రంగులు వేయించారు.

తర్వాత మైనంతో మొహాలు చేయించారు. అప్పట్లో పెద్దింటివాళ్ళు పోయిన పెద్దల మొహాల్ని మైనంతో చేసి బీరువాల్లో దాచుకునేవారట. ఇంట్లో ఎవరైనా పోతే నటులు ఆ మొహాలు తగిలించుకుని, ఆ పెద్దలు నడిచినట్టే నడిచి వెళ్ళి, వరసగా కుర్చీల్లో కూర్చునేవారట. సినిమాలవాళ్ళు దీన్ని వదిలేస్తారని ఆవిడ బాధ. వింటూ వింటూ మైనం కలపడం ఆపేశాను. మన నాన్నగారు జన్మంతా చేసింది అదే కదా. ఎవరింట తద్దినమైనా భోక్తగా వెళ్ళి, వాళ్ళ పోయిన తండ్రి స్థానంలో కూర్చుని భోజనం చేసేవారు.

ఇంటర్లో ఉండగా నేను ఆయన్ని ఒక మాట అన్నాను. చచ్చినవాళ్ళ పేరు చెప్పుకుని తినడానికి సిగ్గు లేదా అని. ఆయన కోప్పడలేదు.

"కూర్చున్నంతసేపు నేనుండన్రా, వాళ్ళ నాన్నే ఉంటాడు" అన్నారు.

నేను నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ ముద్ద దిగదు అన్నయ్యా.

మొన్న బుధవారం ఒక నటుడు రాలేదు. కొలత సరిపోయిందని ఆ మొహం నాకు తగిలించారు. ఎలా నడవమంటారని అడిగితే, నీకు తెలిసిన పెద్దాయన నడకే నడువు అన్నారావిడ. కొల్లేటి లంకలో తద్దినానికి వెళ్ళి, దోనె దిగబోయి జారిపడ్డాక నాన్నగారు ఒక కాలు ఈడ్చేవారు కదా. అలా కుడికాలు ఈడుస్తూ వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. భోజనాలకి పిలిచారు. అందరూ మొహాలు తీసి లేచిపోయారు. నేను లేవలేదు. తృప్తి అయిందా అని అడగందే భోక్త లేవకూడదు కదా, అలాగే కూర్చుండిపోయాను. మైనం లోపల ఆడుతున్న ఊపిరి నాది కాదనిపించింది. చివరికి ఆవిడే వచ్చి, వాళ్ళ భాషలో ఇక చాలా అని అడిగారు.

"తృప్తయిందమ్మా" అన్నాను, తెలుగులో. గొంతు నాన్నగారిది.

సాయంత్రం తీసిందంతా తెరమీద వేశారు. అందులో నేను ఎడమకాలు ఈడుస్తున్నాను. బొమ్మ తిరగబడిందేమోనని అడిగాను. లేదు, పక్కవాళ్ళంతా సరిగ్గానే ఉన్నారు. రాళ్ళకి గీసుకుని నెత్తురొచ్చింది మాత్రం నా కుడికాలి బొటనవేలికి. ఇంత నిజంగా నడిచినవాణ్ణి ఇన్నేళ్ళలో చూడలేదని ఆవిడ సంబరపడిపోయారు.

నాన్నగారు ఈడ్చింది ఏ కాలు అన్నయ్యా? సంచి పట్టుకుని గట్టు మీద ఆయన వెనకాల నడిచినవాడివి, నీకు తెలుస్తుంది. నేను సిగ్గుపడి ఒక్కసారీ వెళ్ళలేదు.

నా గురించి బెంగపెట్టుకోవద్దు, బాగానే ఉన్నాను. ఇటు వచ్చేవాళ్ళుంటే చింతకాయ పచ్చడి పంపమని వదినగారితో చెప్పు. పెద్దత్తయ్యగారికి నా నమస్కారాలు. ఈ ఏడు నాన్నగారి తద్దినానికి భోక్తగారిని తృప్తి అడిగేటప్పుడు, నా తరఫున కూడా ఒకసారి అడుగు.

జవాబులో కాలు సంగతి మరిచిపోకు. కుడికాలైతే నా కళ్ళే పొరబడ్డాయనుకుని పనిలోకి వెళ్ళిపోతాను. ఎడమకాలైతే, తృప్తయిందన్నది ఆయనే.

నీ దీవెన కోరే
చిన్నవాడు