రుచి చూసే దాసి

అక్కా,

నేను బాగానే ఉన్నాను, నడుమే నా మాట వినడం లేదు. నేను చూసుకునే పెద్దావిడను రోజుకు పదిసార్లు మంచం మీంచి లేపి కూర్చోబెట్టాలి కదా. సాయంత్రం టీవీలో రాజుల సీరియల్ వచ్చే అరగంటే నాకు విశ్రాంతి. ఇద్దరం కన్నార్పకుండా చూస్తాం. అందులో చిన్నరాణి వంటవాణ్ణి తనవైపు తిప్పుకుని పెద్దరాణి భోజనంలో విషం కలిపిస్తోంది. అది చూసినప్పటి నుంచి ఈవిడకు కోడలి వంట మీద అనుమానం పట్టుకుంది. ఏది తెచ్చినా "ముందు నువ్వు తిని చూపించు" అంటుంది. పూటపూటా ఆ ఉప్పులేని జావ ఒక చెంచా మింగి, ఆవిడ ఎదురుగా పావుగంట బతికి చూపిస్తున్నాను.

నిన్న సీరియల్లో పెద్దరాణి కోసం రుచి చూసే దాసి నురగలు కక్కుకుని చచ్చిపోయింది. ఇవాళ పొద్దున అలవాటుగా చెంచా నోటిదాకా తెచ్చానో లేదో, ఈవిడ నా చెయ్యి పట్టుకుంది. "నువ్వాగవే. నీకింకా బోలెడు వయసుంది" అని, తనే ముందు మింగేసింది.

కాగితంలో చోటు అయిపోతోంది. చిన్నదానికి జ్వరం తగ్గిందా? నడుముకు రాసుకునే తైలం, నా గళ్ళ దుప్పటి ఎవరైనా ఇటు వస్తుంటే పంపు. బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. అక్కడ నిన్ను చూసుకునేవాళ్ళు ఎవరున్నారే అని అడిగావుగా. ఇవాళ ఆ చెంచా మింగాక ఆవిడ పావుగంటసేపు గడియారం వైపే చూసి, "నాకేం కాలేదు, ఇక తిను" అంటూ గిన్నె నా వైపు జరిపింది.

నీ చెల్లి