స్రవంతి చేసిన బ్రేకు రాడ్

ఏమండీ,

మీరు పోయాక మూతపడిన మన మేడ్చల్ లేత్ షెడ్డును మనవరాలు స్రవంతి తెరిచి నేటికి ఏడాది. నిన్న ఒక స్కూలు వ్యాను బ్రేకు రాడ్ విరిగి వచ్చింది. "ఇది మనం చేసేది కాదు, కంపెనీది కొనుక్కోమని చెప్పు," అన్నాను.

"కొంటే పది రోజులైతదంట అవ్వా. అందాక పిల్లలెట్ల పోతరు?" అని తనే చేసి బిగించింది.

కొలతలు నేనే మూడుసార్లు చూశాను, వెంట్రుకంత తేడా లేదు. కానీ ఇనుము లోపలి పగులు కొలతకు దొరకదని మీరే అనేవారు.

ఇప్పుడు ఖాళీ వ్యానును శామీర్‌పేట దాకా తోలి చూస్తానంటోంది. వద్దన్నాను.

"చేసినోళ్లే ముందుగాల తోలాలె. తాత కాయిదా గదా, నువ్వే చెప్పినవ్. భయమైతే ఇంట్ల కూసో."

మీరు అలా వెళ్లిన ప్రతిసారీ, తిరిగొచ్చేదాకా నేను గుమ్మంలోనే నిలబడేదాన్ని. మీకెప్పుడూ చెప్పలేదు. ఈసారి అలా నిలబడలేను. దాని పక్క సీట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. నా అక్షరాలు ఇంత వంకరగా మీరెన్నడూ చూసి ఉండరు. బండి ఇంకా కదలనే లేదు.